కాంతితో కదిలే ప్రోటీన్ల పరిశోధనకు తిరుపతిలో ఈపీఆర్ కేంద్రం కావాలి: కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారములు.

తిరుపతి పరిసర విద్యాసంస్థలన్నీ కలిసి వాడుకునేలా, లేజరు జతచేసిన పల్స్‌డ్ ఈపీఆర్ (ఎలక్ట్రాన్ పారామాగ్నెటిక్ రెసొనెన్స్) స్పెక్ట్రోమీటర్, అంటే జతలేని ఎలక్ట్రాన్లను అయస్కాంత క్షేత్రంలో మైక్రోవేవ్ పల్సులతో పరిశీలించే పరికరం, ఒకటి మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. దానిని నడిపే మనిషికి, మరమ్మతులకు ఏటా నిధులు ఇవ్వలేని పక్షంలో అసలు మంజూరు చేయకపోవడమే మేలని కూడా ముందే మనవి చేస్తున్నాను.

ఉప్పు మడుల్లో నీరు చిక్కబడేకొద్దీ ఎరుపు తిరగడానికి కారణమయ్యే సూక్ష్మజీవుల్లో హాలోబాక్టీరియం ఒకటి. దాని పొరలో బాక్టీరియోరొడాప్సిన్ అనే ఊదారంగు ప్రోటీన్ ఉందని 1971లో ఓస్టర్‌హెల్ట్, స్టోకెనియస్ వెల్లడించారు. ఏడు హెలిక్సుల (మెలి తిరిగిన ప్రోటీన్ భాగాల) నడుమ ఉన్న రెటినాల్, అంటే విటమిన్ ఏ కు చెందిన అణువు, కాంతి తగలగానే ఆకారం మార్చుకుంటుంది. ఆ మార్పు ప్రోటీన్ అంతటికీ పాకి, ఒక ప్రోటాన్‌ను కణం బయటికి నెట్టి, సుమారు 10 మిల్లీసెకన్లలో మళ్ళీ యథాస్థితికి చేరుతుంది. నాడీకణాలను కాంతితో అదుపు చేయడానికి నేడు వాడుతున్న చానల్‌రొడాప్సిన్లూ ఈ కుటుంబానివే.

ఈ ఆకార మార్పును ఈపీఆర్‌తో కొలవవచ్చు. ప్రోటీన్‌లో ఎంచుకున్న రెండు చోట్ల సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని పెట్టి, ఒక్కొక్కదానికి జతలేని ఎలక్ట్రాన్ గల చిన్న అణువును (లేబుల్‌ను) అంటిస్తే, అయస్కాంత క్షేత్రంలో మైక్రోవేవ్ పల్సులతో ఆ రెంటి మధ్య దూరాన్ని కొలవవచ్చు. డీర్ అనే ఈ పద్ధతి సుమారు 2 నుంచి 8 నానోమీటర్ల వరకు బాగా పనిచేస్తుంది. స్ఫటికం అవసరం లేదు, ప్రోటీన్ తన పొరలోనే ఉండవచ్చు. బాక్టీరియోరొడాప్సిన్ ఏడు హెలిక్సుల్లో ఒకటైన ఎఫ్ హెలిక్సు కణం లోపలి వైపు చివర పక్కకు జరుగుతుందని తేల్చడంలో ఇలాంటి లేబుళ్ళు తోడ్పడ్డాయి.

అయితే డీర్‌కు నమూనాను గడ్డకట్టించాలి. గరుడసేవ నాడు ఒక్క ఫొటో తీసి, వాహనం మాడవీధులన్నీ ఎలా తిరిగిందో చెప్పమన్నట్లు ఉంటుంది. కదలికనే చూడాలంటే మామూలు ఉష్ణోగ్రతలో లేజరు మెరుపు వేసి, ఆ వెంటనే ఈపీఆర్ సంకేతం ఎలా మారుతున్నదో గమనించాలి. బాక్టీరియోరొడాప్సిన్‌లో 96వ స్థానంలోని అమైనో ఆమ్లం ఆస్పార్టేట్‌ను ఆస్పరాజిన్‌గా మార్చిన రకంలో, కాంతి తగిలి మళ్ళీ యథాస్థితికి చేరే ఈ చక్రం బాగా నెమ్మదిస్తుంది. సన్నని క్వార్ట్జ్ గొట్టంలోని ఊదా నమూనాపై ఆకుపచ్చ కాంతి వేస్తే కళ్ళెదుటే పసుపు తిరిగి, దీపం ఆర్పాక మెల్లగా ఊదాకు వస్తుంది. ఒక రకంలో ఫలితం తేడాగా వస్తే మరో రకం తయారు చేసుకుని మళ్ళీ కొలవాలి. నమూనాను థర్మోకోల్ పెట్టెలో డ్రై ఐస్ మధ్య పెట్టి దూరపు ఊరికి పంపి, వంతు కోసం ఎదురుచూసే పద్ధతిలో ఈ రాకపోకలు సాగవు.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో గాజు పదార్థాలపై ఈపీఆర్ పరిశోధన ఏనాటి నుంచో ఉంది. ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ (విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) రెండూ ఉన్నాయి. తిరుపతికి దగ్గరలోని గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ దశాబ్దాలుగా నడుస్తున్నదంటే అక్కడ ఇంజినీర్లు ఉండబట్టే. నేను పనిచేసిన ఒక ల్యాబులో మాత్రం ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) రెన్యువల్ కాక, చిల్లర్ (చల్లబరిచే యంత్రం) చెడిపోయిన స్పెక్ట్రోమీటరుకు నెలల తరబడి గుడ్డ కప్పి ఉంచారు.

అందువల్ల మంజూరు ఉత్తర్వులోనే రెండు శాశ్వత సాంకేతిక ఉద్యోగాలు చేర్చండి. నమూనాను బాగా చల్లబరచడానికి వాడే హీలియాన్ని మన దేశం చాలావరకు దిగుమతి చేసుకుంటున్నది కనుక, అదే హీలియాన్ని తిరిగి తిరిగి వాడుకుంటూ చల్లబరిచే క్లోజ్డ్ సైకిల్ క్రయోస్టాట్‌ను టెండరులోనే అడగండి. వారంలో ఒక రోజు డిగ్రీ, పీజీ కళాశాలల విద్యార్థులకు కేటాయించాలని కూడా అందులోనే రాయించండి. తరువాత చూద్దామంటే ఆ రోజు ఎవరికీ దొరకదు.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక బయోఫిజిక్స్ పరిశోధకురాలు