అమ్మలూ, లీకు సంగతి

అమ్మలూ,

నిన్న నీ ఫోన్ వచ్చాక మీ అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. టెస్టింగ్‌లో ఏదో తేడా కనబడింది, చెప్తే తయారీ లైను ఆగిపోతుంది, చేరి నాలుగు నెలలు కూడా కాలేదు, అందరూ నన్నే అంటారు అన్నావు. ఫోన్‌లో నాకు మాటలు తట్టవు. అందుకే రాస్తున్నా.

శుభాంశు శుక్లా స్పేస్ స్టేషన్‌కి వెళ్ళింది గుర్తుందిగా, 2025 జూన్‌లో? షెడ్డులో పని ఆపి మరీ చూశాం. నాకు మాత్రం అది ఎగరకుండా ఆగిన రోజులే ఎక్కువ గుర్తు.

జూన్ 11న వెళ్ళాల్సింది. ముందుగా ఫాల్కన్ 9 రాకెట్ ఇంజన్లను ప్యాడ్ మీదే ఏడు సెకన్లు మండించి చూస్తే, ద్రవ ఆక్సిజన్ లీకవుతోందని తేలింది. లీకైనా ప్రమాదం రాకుండా ఏర్పాటు చేసి పంపొచ్చన్న ఆలోచన కూడా వచ్చింది. మన ఇస్రో ఛైర్మన్ నారాయణన్ గారూ, ఆయన టీమూ అప్పుడు ఫ్లోరిడాలోనే ఉన్నారు. కుదరదు, పూర్తిగా బాగుచేశాకే అని పట్టుబట్టారట. సీటు మనది, రాకెట్ అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ వాళ్ళది. రాకేశ్ శర్మ తర్వాత 41 ఏళ్ళకు మనవాడు వెళ్తున్నాడని దేశమంతా కాచుకుని కూర్చుంది. అప్పుడు ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి!

ఆ లీకు సరిచేశారు. ఈలోగా స్టేషన్‌లో రష్యా వాళ్ళ భాగంలో గాలి లీకు సంగతొచ్చి మళ్ళీ వాయిదా. చివరికి 25న మధ్యాహ్నం 12 దాటగానే లేచింది. మర్నాడు సాయంత్రం నాలుగింటికి, 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో తిరిగే స్టేషన్‌ను అందుకుంది. అక్కడ లీకు పట్టడానికి సబ్బునీళ్ళు రాసి బుడగలు చూసే నాలాంటి మెకానిక్ దొరకడు కదా.

నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు పుట్టకముందు ఒక లారీకి బ్రేకు ఎయిర్ పైపు సుయ్‌మంటోంది. ఓనరు తొందరపెట్టాడు. టేపు చుట్టి, క్లిప్పు బిగించి పంపేశా. అది మారేడుమిల్లి ఘాటు దిగాలి. సెల్‌ఫోన్లు లేని రోజులు. రెండు రాత్రులు కన్ను మూతపడలేదు. మూడో రోజు డ్రైవర్ నవ్వుకుంటూ వచ్చి టీ అడిగాడు. ఏమీ కాలేదు. కానీ ఈరోజుకీ ఆ టేపు చుట్టిన చెయ్యి నాకు కనబడుతుంది.

రేపు పొద్దున్నే కాగితం మీద రాసి మీ సార్‌కి ఇవ్వు. ఇచ్చాక ఫోన్ చెయ్యి, తిట్టినా సరే. అమ్మ సున్నుండలు చేస్తోంది, శనివారం బస్సులో వేస్తా.

మీ నాన్న