పేరు మారినా మనిషి మనిషే

మురళీ,

టెస్టింగ్ టీమ్‌లో చేరావని తెలిసి చాలా సంతోషించాను. అదీ, తనంతట తానే నడిచే కార్లకు, ప్రాణాలతో ముడిపడిన సాఫ్ట్‌వేర్! కానీ, ఎదురుగా ఉన్నదేమిటో గుర్తుపట్టే ప్రోగ్రామ్ గురించి "మోడల్ 99 శాతం కరెక్ట్‌గా చెబుతోంది, ఇంకా టెస్ట్ చేయడానికి ఏముంది?" అని మీవాళ్లు అంటున్నారని రాశావే, అది చదివాక నాకు టెన్షన్ పట్టుకుంది.

2018 మార్చిలో అమెరికాలోని టెంపేలో జరిగిన ప్రమాదం గుర్తుందా? సైకిల్‌ను నడిపించుకుంటూ రాత్రిపూట రోడ్డు దాటుతున్న ఒకామెను ఊబర్ కంపెనీ పరీక్షిస్తున్న అలాంటి కారు ఢీకొట్టింది. ఆమె చనిపోయింది. కారు ఆమెను చూడలేదనే చాలామంది అనుకుంటారు. చూసింది! 5.6 సెకన్ల ముందే పసిగట్టిందని దర్యాప్తు నివేదికలో ఉంది. కాకపోతే ఎదురుగా ఉన్నదేమిటో తేల్చుకోలేక ఒకసారి వాహనం అంది, ఒకసారి సైకిల్ అంది, మరోసారి ఏదో తెలియని వస్తువంది. అలా పేరు మారినప్పుడల్లా, ఆమె అప్పటిదాకా ఎటు కదిలిందన్న లెక్కను వదిలేసి మళ్లీ మొదటినుంచి అంచనా వేసింది. పైగా, క్రాసింగ్ లేని చోట మనిషి రోడ్డు దాటొచ్చన్న ఆలోచనే ఆ డిజైన్‌లో లేదు. ఇక ఢీకొట్టబోతున్నామని తెలిశాక కూడా గట్టిగా బ్రేకు వేయకుండా ఒక సెకను ఆగేలా పెట్టారు, అనవసరంగా బ్రేకులు పడకూడదని.

మోడల్ తడబడటం మామూలే, ఎంత మంచి మోడలైనా తడబడుతుంది. ఆ తడబాటు తర్వాత వచ్చే కోడ్ ఏం చేస్తుందన్నదే నువ్వు పట్టుకోవాల్సింది. అది మామూలు కోడే, మామూలు బగ్గే. ఒక్కో ఫొటో చూపించి మార్కులు వేస్తే 99 శాతం వస్తుంది, ఈ బగ్ మాత్రం కనిపించదు. వరుస ఫ్రేముల్లో కావాలని లేబుల్‌ను, అంటే మోడల్ పెట్టే పేరును, మార్చి పంపించు. వస్తువు కదిలిన దారి చెరిగిపోతే టెస్ట్ ఫెయిల్, అంతే.

సరైన జవాబేదో ముందే తెలియని చోట ఇంకో పద్ధతుంది. అదే దృశ్యాన్ని కాస్త చీకటి చేసి ఇవ్వు, కాస్త పక్కకు జరిపి ఇవ్వు. అందులోని మనిషి మోడల్‌కు కనిపించకుండా పోతే ఏదో తేడా ఉన్నట్టే.

రోడ్డు మీద తిప్పి చూస్తే చాలంటారేమో, ఒప్పుకోకు. మనుషులు నడిపే కార్లకన్నా ప్రాణనష్టం ఎక్కువ ఉండదని 95 శాతం నమ్మకంతో చూపాలంటే, ఒక్క మరణమూ లేకుండా 27.5 కోట్ల మైళ్లు తిరగాలని ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2016లో లెక్కగట్టింది. సాఫ్ట్‌వేర్ మార్చితే ఆ లెక్క కూడా కదిలిపోతుంది కదా!

వచ్చే మీటింగ్‌లో ఈ ఒక్కటి అడుగు: మోడల్ మాట మార్చినప్పుడు మన కోడ్ ఏం చేస్తుంది? వాళ్లేమన్నారో వెంటనే రాయి. ఆ లేబుల్ టెస్ట్ రాయడంలో ఎక్కడైనా ఆగిపోతే ఫోన్ చెయ్యి, కలిసి కూర్చుని రాద్దాం.

నీ
శ్రీను