టీబీ పరిశోధనకు ఏడు నెలల బకాయి

సంపాదకుడు గారికి,

మార్చి 24న ప్రపంచ క్షయ దినం సందర్భంగా మీ పత్రిక ఒక పేజీ నిండా టీబీ గురించి రాసింది. తెమడ పరీక్ష, మాస్కు, మందులు మధ్యలో మానకపోవడం, పోషకాహారం కోసం రోగికి నెలనెలా ఇచ్చే వెయ్యి రూపాయలు, అన్నీ ఉన్నాయి. బాగా రాశారు కూడా. ఆ మందులు అసలు ఎలా పుడతాయన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి కాబట్టి నాకది వెలితిగా అనిపించింది.

మా పెదనాన్నను 1950ల్లో మదనపల్లె దగ్గర టీబీ రోగులను ఉంచే ఆరోగ్యవరం శానటోరియంలో చేర్చారు. ఎవరైనా ఆయన సంగతి అడిగితే ‘మదనపల్లెలో ఉన్నాడు’ అని గొంతు తగ్గించి చెప్పేవారట. ఆ తర్వాత 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం, ఇంట్లో ఉండి మందులు వాడినవాళ్లు కూడా శానటోరియంలో ఉన్నవాళ్లలాగే కోలుకుంటారని తేల్చింది. దానితో ప్రపంచమంతా టీబీ వైద్యం తీరే మారింది. కాబట్టి మన దగ్గర పరిశోధనలు ఏం జరుగుతాయిలే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంట్లో ఉండి వాడిన ఆ మందుల్లో ఐసోనియాజిడ్ ఒకటి. 1952 నుంచి వాడుకలో ఉంది, ఇవాళ్టికీ టీబీ కోర్సులో ముందు వరసలోనే ఉంది. అది క్రిమిలో ఏ ప్రోటీన్‌ను పట్టుకుంటుందో తెలియడానికి మాత్రం నలభై ఏళ్లు పట్టింది. ఇన్హా అనే ఆ ప్రోటీన్ ఆకారం 1995లో బయటపడింది. టీబీ బ్యాక్టీరియా తన చుట్టూ మైనంలాంటి గోడ కట్టుకుంటుంది. ఆ గోడకు కావాల్సిన కొవ్వు ఆమ్లాలను తయారుచేసే ఎంజైముల్లో ఇన్హా ఒకటి. తమాషా ఏమిటంటే, ఐసోనియాజిడ్ తనంతట తాను ఆ క్రిమిని చంపజాలదు. బ్యాక్టీరియాకే చెందిన క్యాట్‌జీ అనే ఎంజైమే దాన్ని విషంగా మారుస్తుంది. అచ్చం భస్మాసుర హస్తం! ఈ మందుకు లొంగని రకాలు చాలావరకు చేసిన పని, ఆ చేతిని చెడగొట్టుకోవడమే. వాటిలో ఇన్హా మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. అలాంటప్పుడు క్యాట్‌జీతో పనిలేకుండా నేరుగా ఇన్హాలో ఇమిడిపోయే అణువును వెతకొచ్చు కదా? ఆ వెతుకులాట ఇప్పుడు జరుగుతోంది. ఇన్హాలో గుంట ఎక్కడుందో, ఎంత లోతో తెలియకుండా అది చెయ్యడం చీకట్లో రాయి విసరడమే.

నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఇలాంటి పనే చేస్తోంది. టీబీ మీద పీహెచ్‌డీ అనగానే వాళ్లమ్మకు ఒకటే టెన్షన్, పిల్లకు అంటుకుంటుందేమోనని. నిజానికి ఆ అమ్మాయి బల్ల మీదకు టీబీ క్రిమి రానే రాదు. కావాల్సిన జన్యువును ఈకోలై బ్యాక్టీరియాలో పెడితే అదే ఆ ప్రోటీన్‌ను తయారుచేసి ఇస్తుంది. దాన్ని శుద్ధి చేసి స్ఫటికాలు కట్టించాలి. క్లాసులో స్ఫటికాల పాఠానికి నేను పటికబెల్లం పట్టుకెళ్లేవాణ్ణి. ఇదీ అదే సూత్రం, కాకపోతే ఇక్కడ పాకం ఆవగింజంత చుక్క. ఉప్పు, పులుపు పాళ్లు వందల రకాలుగా మార్చి చూడాలి. ఆరు నెలలు గడిచినా ఒక్క పలుకూ కట్టకపోవచ్చు. కడితే దాని మీద ఎక్స్‌రేలు పంపి, అవి చెదిరిన తీరును బట్టి ఏ పరమాణువు ఎక్కడుందో లెక్కగడతారు.

కంప్యూటరే అన్నీ చెప్పేస్తుంటే ఇంకా ఈ తంటాలెందుకని మా వీధిలో ఒక ఇంజనీరు అడిగాడు. ప్రశ్న మంచిదే. ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం టీబీ బ్యాక్టీరియా ప్రోటీన్లకు కూడా అంచనా ఆకారాలు ఇచ్చింది, దాని వెనకున్నవాళ్లకు 2024లో నోబెల్ వచ్చింది. అయితే అది నేర్చుకున్నదే ఇలాంటి పిల్లలు యాభై ఏళ్లుగా పలుకులు కట్టించి అందరికీ ఉచితంగా పెట్టిన ఆకారాల నుంచి. పైగా మందు వచ్చి కూర్చున్నప్పుడు ప్రోటీన్ ఎటు ఒరుగుతుందో చివరికి ప్రయోగం చేసి చూసుకోవాల్సిందే.

ఒక నిజం దాచకూడదు. ఇప్పుడు వాడుతున్న టీబీ మందుల్లో ప్రోటీన్ ఆకారాన్ని చూసి మొదటినుంచీ రూపొందించినదంటూ ఏదీ లేదు. బెడాక్విలిన్ అనే కొత్త మందు కూడా వేల రసాయనాలను క్రిములపై పరీక్షించి పట్టుకున్నదే. క్రిమికి శక్తినిచ్చే ఒక ప్రోటీన్ తిరగలిలా తిరుగుతుంటుంది, ఈ మందు వెళ్లి దాన్ని ఆపేస్తుంది. ఎక్కడ కూర్చుని ఆపుతుందో కళ్లకు కట్టింది మాత్రం 2015లో, అదీ టీబీ క్రిమికి చుట్టమైన ఇంకో బ్యాక్టీరియాలో. మరి ఆకారాలతో పనేమిటంటే, ఎయిడ్స్ సంగతి చూడండి. ఆ వైరస్‌లోని ప్రోటియేజ్ అనే ఎంజైము ఆకారం 1989లో తెలిసింది. దానికి సరిపోయేలా మలిచిన మందులు 1995, 96 కల్లా రోగుల చేతికొచ్చాయి. టీబీకి ఆ వేగం రాకపోవడానికి క్రిమి మొండితనం ఒక్కటే కారణం కాదు. ఇది డబ్బున్న దేశాల జబ్బు కాదు.

ఇది మన జబ్బు. 2023లో ప్రపంచంలో కోటీ 8 లక్షల మందికి కొత్తగా టీబీ వచ్చిందని, అందులో 26 శాతం భారత్‌లోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గత పదిహేనేళ్లలో వాడుకలోకి వచ్చిన కొత్త మందులు బెడాక్విలిన్, డెలామానిడ్, ప్రెటోమానిడ్. మూడింటిలో ఒక్కటీ మన ల్యాబుల్లో పుట్టలేదు. హైదరాబాద్ చుట్టూ ఇన్ని మందుల ఫ్యాక్టరీలున్నాయి, ఎవరో కనిపెట్టింది చవగ్గా చెయ్యడంలో మనవాళ్లకు తిరుగులేదు. కనిపెట్టే పని దగ్గరికొచ్చేసరికి జేబు తడుముకుంటాం. మనుషులు లేక కాదు. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎం. విజయన్ గారి బృందం టీబీ ప్రోటీన్ల ఆకారాలు తేల్చింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో ఆ క్రిమి కొవ్వులు తయారుచేసే ఎంజైముల మీద పని జరిగింది.

ఆ అమ్మాయి విషయానికొస్తే, ఫెలోషిప్ నెలకు 37 వేలని 2023 జనవరి నుంచి కాగితం మీద ఉంది. చేతికి రాక ఏడు నెలలైంది. ఏ సంస్థో రాయను, రాస్తే ఇబ్బంది పడేది ఆ పిల్లే. మొన్న ఫోన్ చేసి పలుకులు కట్టాయని చెప్పింది. గొంతులో ఎంత సంతోషమో! వాటిని ఎక్స్‌రేల కింద పెట్టడానికి ఇండోర్‌లో బలమైన ఎక్స్‌రేలు పుట్టించే సింక్రోట్రాన్ యంత్రం దగ్గర రెండు రోజులు అవకాశం దొరికిందట. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, రైలు ఛార్జీలకు సర్దగలరా మాస్టారూ అని అడిగింది. పంపాను. బకాయిలు ఎప్పుడిస్తారో, ఇకపై ఏ తేదీన వేస్తారో సంబంధిత శాఖ మీ పత్రిక ద్వారానే చెబితే ఆ అమ్మాయికి చదివి వినిపిస్తాను.

- ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, తెనాలి