మడుగులో పదిహేనేళ్ల పిల్లవాడు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైనా జవాబు రాయలేదు, క్షమించు. ఇంట్లో అందరం క్షేమమే, ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది, ఆ కబుర్లు మరోసారి రాస్తాను. పోయిన శనివారం నుంచి ఒక్క విషయమే మనసులో తిరుగుతోంది. అది నీకు చెప్పేదాకా నాకు తోచదు.

మా ఓర్లాండోకు తూర్పున, టైటస్‌విల్ దగ్గర విండోవర్ అనే చిన్న మడుగు ఉంది. 1982లో ఇళ్ల స్థలాలకు రోడ్డు వేస్తుండగా, మట్టి తవ్వే యంత్రం నడిపే అతనికి అందులో పుర్రెలు కనిపించాయి. చూడగా అవి ఏడెనిమిది వేల ఏళ్ల నాటివి! ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్లెన్ డోరన్ బృందం 1984 నుంచి 1986 వరకు, నేలలోకి గొట్టాలు దింపి ఊటనీటిని తోడిపోస్తూ తవ్వితే, 168 మంది అవశేషాలు బయటపడ్డాయి.

డెన్మార్క్‌ బురదనేలలో దొరికిన పాతకాలపు శవం, టోలండ్ మనిషి అంటారే, దాని ఫోటో నీకు చూపించాను కదా, గడ్డం మీది వెంట్రుకలు కూడా చెక్కుచెదరలేదు. అక్కడి బురదలోని ఆమ్లం చర్మాన్ని తోలులా పదునుపెట్టి ఎముకలను మెత్తబరుస్తుంది. ఇక్కడ అందుకు విరుద్ధం. నీటిలో మొక్కలు సగం కుళ్లి పేరుకున్న ఈ నల్లని పీట్ మట్టిలో ఆమ్లం లేనట్టే, అందువల్ల చర్మం పోయి ఎముకలు నిలిచాయి. 91 పుర్రెల్లో మెదడు కణజాలం కూడా మిగిలింది. అంటే మరణించిన ఒకటి రెండు రోజుల్లోనే వారిని నీటి అడుగున ఉంచారన్నమాట. చాలామందిని ఎడమ పక్కకు తిప్పి, మోకాళ్లు ముడిచి, నారతో చేత్తో అల్లిన గుడ్డలో చుట్టి, శవం పైకి తేలకుండా మొన తీసిన కర్రలను అడుగుమట్టిలోకి దిగగొట్టారు. ఒకామె పొట్ట ఉన్నచోట చేప ముళ్లు, పండ్ల గింజలు దొరికాయి. ఆమె చివరి భోజనం గురించి చదువుతూ చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

కానీ నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. వారిలో సుమారు పదిహేనేళ్ల పిల్లవాడు ఒకడున్నాడు. పుట్టుకతోనే వాడి వెన్నెముక సరిగా మూసుకోలేదు, దాన్ని స్పైనా బైఫిడా అంటారు. వాడికి నడక చేతనై ఉండదు. వేటాడి, పండ్లూ దుంపలూ ఏరుకుని బతికే మనుషులు, మందూ మాకూ పెద్దగా లేని కాలంలో, అలాంటి బిడ్డను అన్నేళ్లు సాకారు! తిండి తెచ్చి పెట్టి ఉంటారు, ఒళ్లు తుడిచి ఉంటారు, మకాం మార్చిన ప్రతిసారీ మోసుకుపోయి ఉంటారు. ఎవరు మోశారో ఏ ఎముకా చెప్పదు, కానీ పదిహేనేళ్లు బతికిన ఆ శరీరమే సాక్ష్యం. అది చదవగానే నాకు నడవలేని మీ తమ్ముణ్ణి మనం బోయీలమై మోసిన పల్లకీ గుర్తొచ్చింది, కళ్లు చెమర్చాయి. బోయీలకు బాకీపడ్డ జీళ్లు ఎప్పుడిస్తాడో మీ తమ్ముణ్ణి అడుగు. వాడికి ఈ ఉత్తరం చదివి వినిపించు, లేదా... నీకే తెలుస్తుంది, ఏది మంచిదో చూడు.

ఇంకొక మాట. మడుగులో దాదాపు సగం తవ్వకుండా, రాబోయే తరాల పరిశోధకుల కోసం అలాగే వదిలేశారు. అది నాకెంతో నచ్చింది, ఎందుకంటే... అయ్యో, అమ్మాయిని బడి నుంచి తీసుకురావలసిన వేళయింది. మిగిలింది వచ్చే ఉత్తరంలో.

నీ
బోయీ