ఆదివారం కలిసే ముందు ఒక మాట
మిత్రులందరికీ నమస్కారం. "జన్యు సవరణ వరి కూడా బీటీ పత్తి లాంటిదే కదా?" అని నిన్న ఒకరు అడిగారు. కాదండీ. బీటీ పత్తిలో ఒక బ్యాక్టీరియా జన్యువును తెచ్చి చేర్చారు. 2025 మేలో కేంద్రం ప్రకటించిన 'కమల' వరిలో బయటి జన్యువేదీ లేదు. హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ వారు మన సాంబ మసూరినే తీసుకుని, సైటోకైనిన్ అనే హార్మోనును విచ్ఛిన్నం చేసే ఎంజైము జన్యువును క్రిస్పర్‌తో, అంటే జన్యువులను కత్తిరించే కత్తెర లాంటి పద్ధతితో, సవరించారు. దాంతో విచ్ఛిన్నం తగ్గి హార్మోను మిగిలింది, కంకికి గింజలు పెరిగాయి. కోత కూడా సుమారు 20 రోజులు ముందుకు జరిగింది. బోరు నీళ్లను నమ్ముకున్న మన చిత్తూరు వైపు రైతుకు గింజల కన్నా ఆ 20 రోజుల తడులే మిగులు అని నా లెక్క. వాదించేవారు ఆదివారం రండి.

అదే కత్తెర వైద్యంలోకీ వచ్చింది. 2023 నవంబరులో బ్రిటన్ అనుమతించిన సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) చికిత్సలో, రక్తాన్ని తయారుచేసే రోగి మూలకణాలనే బయటికి తీసి, సవరించి, తిరిగి ఎక్కిస్తారు. గర్భంలో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. ధర మాత్రం అడగకండి, గుండె ఆగుతుంది.

ఇంజినీరింగ్ కబుర్ల వంతు వచ్చే వారం. ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు ప్రకాశం పార్కులో కలుద్దాం. ఉడికించిన వేరుశనక్కాయలు నేను తెస్తాను.