ప్రాజెక్టు పనిలో ‘ఎక్కడిది?’ అని అడుగుదాం

సంపాదకులకు,

ఆర్యా,

ఉన్నత పాఠశాలల్లో పిల్లలు రాసుకొచ్చే ప్రాజెక్టు పనుల గురించి, చాలా ఏళ్లు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిగా నాలుగు మాటలు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఒక ఏడాది తొమ్మిదో తరగతి వారిని రామప్ప గుడిపై రాసుకు రమ్మన్నాను. వచ్చిన కాగితాల్లో సగానికి పైగా ఒకే నెట్ సెంటరు ప్రింటుకు చేతిరాత నకళ్లు. గుడి కట్టిన ఏడు 1213 అని ఉండాల్సిన చోట 1312 అని పడిన తప్పు కూడా వరుసగా అన్నింటిలోనూ ఉంది. కోప్పడ్డాను గాని, ‘ఫలానా గుడి గురించి రాయండి’ అంటే నకలు తప్ప మరేం వస్తుందని ఇంటికి వెళ్లాక అనిపించింది. శిల్పి పేరు మీదనే పిలుచుకుంటున్నామని చెప్పుకునే గుడి గురించి, ఎవరి రాతో చెప్పకుండా రాయడం పిల్లలకు తప్పుగా తోచలేదంటే, అలా తోచేలా మేము ఎన్నడూ చెప్పలేదు.

మరుసటి ఏడు ప్రశ్న మార్చాను. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవారినో, ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి తెచ్చే రైతులనో అడిగి రాయమన్నాను. ఎవరిని, ఎప్పుడు అడిగారో, పుస్తకమైతే పేరు, పేజీ, ఇంటర్నెట్ అయితే సైటు పేరు, చూసిన తేదీ చివర వేయాలన్నాను. ‘ఇది మా తాత చెప్పిండు, రంగుల సంగతి ఆయనకు యాదికి లేకుంటే నానమ్మ చెప్పింది’ అని ఒకమ్మాయి రాసింది. అక్షరదోషాలు చాలానే ఉన్నా, నేను ఆ ఏడు దిద్దినవాటిలో అంత నిజాయితీ గల వ్యాసం మరొకటి లేదు.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. బమ్మెర పోతన అంతటివాడు కూడా భాగవతం అవతారికలో, అంటే పీఠికలో, పూర్వకవులకు నమస్కరించాకే తన కథలోకి వెళ్లాడు. ఆ పద్యాలకు ప్రతిపదార్థం చెప్పే మేమే, అది ఋణం ఒప్పుకోవడమని పిల్లలకు విడమరచి చెప్పం. చిన్నప్పుడు ఎవరూ చెప్పని ఈ మాట పరిశోధనలో శిక్షగా ఎదురవుతుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం పరిశోధన గ్రంథంలో ఇతరుల రాతలతో పోలిక 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

ఇప్పుడు ఫోనులో కృత్రిమ మేధను అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో తీరు వాక్యాలు వస్తున్నాయి కనుక, నాడు నాకు దొంగను పట్టిచ్చిన 1312 వంటి తప్పు ఇక దొరకదు. పిల్లవాణ్ని పక్కన నిలబెట్టుకొని ‘ఇది నీకెట్లా తెలిసింది?’ అని రెండు నిమిషాలు అడగడమే మిగిలింది.

ఫార్మేటివ్ అసెస్‌మెంటులో (ఏడాది మధ్యలో బడిలోనే జరిపే మదింపులో) ప్రాజెక్టు పనికిచ్చే 5 మార్కుల్లో 2 మార్కులు ఈ ప్రశ్నకు, ఆధారాలు రాసినందుకు కేటాయించాలని జిల్లా విద్యాశాఖ అధికారులను కోరుతున్నాను. అట్లాగే పరీక్ష పత్రంలో అపరిచిత పద్యం ఇచ్చేటప్పుడు దాని కింద కవి పేరు వేయాలని తోటి ఉపాధ్యాయులకు మనవి. నేను ఎన్నోసార్లు వేయలేదు.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
హనుమకొండ.