ఆవకాయ సీసా పగిలింది, మేం బాగానే ఉన్నాం

అమ్మకి,

అందరం క్షేమం. ముందు ఈ మాట రాసేస్తే గానీ మిగతాది చదివే ఓపిక నీకు రాదు. అమెరికాలో ఒరెగాన్ తీరం వెంబడి, పడక, వంటగది అన్నీ ఉన్న అద్దె బండిలో తిరుగుతూ తీసిన ఆ వీడియో పంపడం నాదే బుద్ధి తక్కువ. బండి అందులో కనిపించినంత అంచున లేదు. ఇక్కడ కుడివైపు నడపాలి కదా, 101 రోడ్డు మీద దక్షిణానికి దిగుతుంటే సముద్రం మన పక్కకే వస్తుంది. అంతే.

వీడియోలో కనిపించిన ఆ నీలం బోర్డు సునామీ వస్తే ఎటు పరుగెత్తాలో చూపించేది. తీరం వెంబడి ఊరూరా ఉంటుంది. హుద్‌హుద్‌కి తలుపుకి బీరువా అడ్డం పెట్టి కూర్చున్నదానివి, బోర్డుకి భయపడతావేంటి?

ఉద్యోగం బాగానే ఉంది.

ఇది నాన్నకి చదివి వినిపించు. బండి 24 అడుగులు. ఈయనకి చేతులు వణికితే నేనే నడిపాను. న్యూపోర్ట్‌లో యక్వినా బే వంతెన 1936లో కట్టింది, ఇటొక లేను, అటొక లేను. ఎదురుగా దుంగల లారీ. అద్దాలు రాసుకుంటాయనుకున్నా. నాన్న భీమిలి బస్సులో చేసినట్టే, లారీ వంక చూడకుండా నా గీత వంకే చూశా. వెనక కార్లు బారులు తీరినప్పుడల్లా పక్కకి ఆపి సైడిచ్చా. డ్యూటీ దిగి రాగానే భుజాలు పట్టమని ఎందుకు అడిగేవారో ఇప్పుడు తెలిసింది. నావి ఇంకా లాగుతున్నాయి.

బండిలోనే బాత్రూమ్. దాని ట్యాంకు మనమే గొట్టం పెట్టి ఖాళీ చెయ్యాలి. ఆ పని మీ అల్లుడుగారిది. అత్తయ్యకి మాత్రం చెప్పకు.

కానన్ బీచ్‌లో 235 అడుగుల రాయి ఇసకలోంచి నిటారుగా లేచి ఉంటుంది. ఆటుకి దాని మొదలు దాకా నడిచాం. బుజ్జిది నక్షత్రచేపను చూసి గంటసేపు కదల్లేదు. జులైలో కూడా నీళ్ళు ఐసే, రెండు నిమిషాలకి కాళ్ళు మొద్దుబారాయి. తీరం మొత్తం జనానిదేనని 1967లో చట్టం చేశారట, ఎవరి బంగళా ముందైనా నడవొచ్చు. అన్నీ ఉన్నాయి గానీ బజ్జీల బండి లేని బీచ్ ఏం బీచ్?

అసలు సంగతి. కేప్ పర్పెచువా దగ్గర మలుపులో పై అర తలుపు ఊడొచ్చింది. నువ్వు పంపిన ఆవకాయ సీసా సింకు అంచుకి తగిలి పగిలింది. నూనె పరుపు కిందికి పారింది. గాజుపెంకులకి భయపడి ఒక్క ముక్క కూడా ఉంచుకోలేదు. బండి తిరిగి ఇచ్చేటప్పుడు, వాసన పోలేదని 150 డాలర్లు పట్టుకున్నారు. రూపాయల్లోకి మార్చి లెక్కెయ్యకు. నేను ఏడ్చింది డబ్బుకి కాదని ఈయనకి ఎంత చెప్పినా ఎక్కలేదు.

మోకాళ్ళకి నూనె రాస్తున్నావా? చిన్నత్త వాళ్ళబ్బాయి ఆగస్టులో వస్తున్నాడటగా, వాడితో ఆవకాయ పంపు. సీసా వద్దు. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూతకి టేపు చుట్టు.

నీ పెద్దది